పొటాషియం 8.1

ఈరోజు పదకొండు దాటాక మా ఆసుపత్రి ల్యాబులో ఒక రక్తం శాంపిల్లో పొటాషియం 8.1 వచ్చింది. స్క్రీన్ మీద ఎర్రగా కనబడగానే కొత్తగా చేరిన అమ్మాయి టెన్షన్ పడిపోయి వార్డుకి ఫోన్ చేయబోయింది. చేయాల్సిందే, అంత పొటాషియం నిజంగా ఉంటే గుండె ఏ క్షణాన ఆగిపోతుందో తెలీదు. కానీ "ఒక్క నిమిషం ఆగమ్మా, కాల్షియం ఎంతుంది?" అన్నాను.

"5.1, మేడమ్."

పొటాషియం మరీ ఎక్కువ, కాల్షియం మరీ తక్కువ, రెండూ కలిసి ఇలా వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది రక్తకణాల లెక్కకి వాడే పర్పుల్ ట్యూబునే. రక్తం గడ్డకట్టకుండా అందులో ఉంచే ఈడీటీఏ పొటాషియం లవణం, పైగా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. పాత రిజల్టు తెరిపించాను. కిందటి నెల పొటాషియం 4.4. వెంటనే వార్డుకి ఫోన్ చేసి అడిగితే, ఈ పరీక్షలకి పంపే రెడ్ ట్యూబుకి రక్తం చాలక పర్పుల్‌లోంచి కొంచెం పోశామని సిస్టర్ చెప్పారు. మళ్లీ తీయించాం. 4.3 వచ్చింది. ఆ 8.1 నమ్మి పొటాషియం తగ్గించే మందులు ఎక్కించి ఉంటే ఆ పెద్దాయన పరిస్థితి ఏమయ్యేదో.

ఈడీటీఏ సంగతి ఆ అమ్మాయికి తెలియక కాదు. అడిగితే డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పాఠం గడగడా అప్పజెప్పింది. పాత రిజల్టులు పక్కపక్కన చూపించే స్క్రీన్ ఒకటుందని మాత్రం ఆమెకి ఎవరూ చెప్పలేదు. చేరిన రోజున బార్‌కోడ్ అతికించడం, ప్రింట్ ఇవ్వడం నేర్పారు, అంతే. కంప్యూటర్ వచ్చు అంటే టైపింగ్ వచ్చు అనే లెక్క చాలా ల్యాబుల్లో ఇంకా పోలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ప్లేట్‌లెట్లనే తీసుకుందాం. మెషిన్ వేలల్లో లెక్కేసి 145 అని పంపుతుంది. రిపోర్టులో 1.45 లక్షలని పడాలంటే మధ్యలో ఆ అంకెని 100తో భాగించమని సాఫ్ట్‌వేర్‌కి ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. మెషిన్ మారినా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినా ఆ సెట్టింగ్ అలాగే ఉందన్న నమ్మకం లేదు. అందుకే అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఒక శాంపిల్ నడిపి మెషిన్ తెర, కంప్యూటర్ తెర, ప్రింటు కాగితం మూడూ పక్కన పెట్టి చూస్తాను. ఐదు నిమిషాల పని. డెంగీ రోజుల్లో ఒక్క సున్నా తేడా వస్తే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

మధ్యాహ్నం నెలవారీ లెక్కల కోసం యూరిన్ రిజల్టులు ఎక్సెల్‌లోకి తీశాం. పస్ సెల్స్ (చీము కణాలు) 2-4 అని ఉండాల్సిన చోట 02-ఏప్రిల్ అని ఉంది! తర్వాత ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చినా 2-4 వెనక్కి రాదు, ఏదో ఐదంకెల నంబరు వస్తుంది. ఫైలు లోపలికి తెచ్చుకునేటప్పుడే టెక్స్ట్ అని చెప్పాలి. జన్యుశాస్త్రవేత్తలకే ఈ బాధ తప్పలేదు. ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు, 2020లో ఆ నియమాలు ప్రకటించారు. ఆ అమ్మాయికి ఇది చెబితే ఆశ్చర్యపోయి వెంటనే నోట్‌బుక్‌లో రాసుకుంది. అలా రాసుకునేవాళ్లంటే నాకు ఇష్టం.

అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడటం గురించి కూడా ఆమెకి గట్టిగానే చెప్పాను. ఏ రిజల్టు ఎవరు ఎప్పుడు మార్చారో సిస్టమ్ రాసి పెడుతుంది. ఒకరి లాగిన్‌లో నలుగురు పనిచేస్తే ఆ రికార్డుకి విలువే ఉండదు.

సాయంత్రం ఇన్‌ఛార్జి సార్‌ని అడిగాను, కొత్తవాళ్లకి ఇవన్నీ నేర్పడానికి రెండు పూటలు ఇవ్వండని. రద్దీ తగ్గాక చూద్దాం అన్నారు. జ్వరాల సీజన్ అయ్యేదాకా రద్దీ తగ్గేది కాదు. అందుకని ఎల్లుండి పొద్దున క్యూసీ (మెషిన్లు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో చేసే తనిఖీ) అయ్యాక నేనే మొదలుపెడతాను. ముందు పాత రిజల్టుల స్క్రీన్, ఆ తర్వాత ప్లేట్‌లెట్ల యూనిట్లు.