తాలింపుకు ముందే మల్లి వాటా

మల్కాజిగిరిలో మా సందులోనే వానకు తడుస్తూ దొరికిన దేశీ కుక్క మా మల్లి. ఇప్పుడు ఆరేళ్లు, 14 కిలోలు. అమ్మ బీన్స్ తుంచడం మొదలుపెడితే చాలు, ఆ టక్ టక్ చప్పుడుకి ఎక్కడున్నా లేచొచ్చి వంటింటి గడప మీద గడ్డం ఆనించి కూర్చుంటుంది. కూరగాయలంటే దానికి అంత ఇష్టం. ఆ ఇష్టం చూసే, మనం తినేది ఏదైనా దానికీ మంచిదేలే అని చాలాకాలం అనుకున్నాం.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం చుట్టాలొచ్చారు, బిర్యానీ మిగిలింది. ఎముకలు పెట్టకూడదని తెలుసు కాబట్టి ఒక్కొక్కటీ ఏరేసి, కారం ఎక్కువగా ఉన్న ముక్కలు కూడా తీసేసి, ఉత్త అన్నమే కదా అని పెట్టాం. సోమ, మంగళవారాలు బాగానే ఉంది. బుధవారం పొద్దున మెట్లు దిగలేక మధ్యలోనే కూర్చుండిపోయింది. మూత్రం చూస్తే కాఫీ డికాక్షన్ రంగు. పెదవి ఎత్తి చూస్తే ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే చిగుళ్లు సుద్దముక్కలా పాలిపోయి ఉన్నాయి. డాక్టర్‌గారు చిగుళ్లు చూస్తూనే అడిగిన మొదటి మాట, "ఈ వారంలో ఉల్లిపాయ ఏమైనా తిందా?" అని. అప్పుడు గుర్తొచ్చింది, మేం పెట్టిన అన్నం నిండా వేయించిన ఉల్లిపాయలే. నాలుగు రోజులు సెలైన్, మళ్లీ మళ్లీ రక్తపరీక్షలు, మనిషికి నిద్ర లేదు. మూడు వారాలకు గానీ మునుపటిలా పరిగెత్తలేదు.

ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడల్లో ఉండే గంధకపు పదార్థాలు కుక్క రక్తంలోని హిమోగ్లోబిన్‌ని దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న ఎర్రకణాలను ఒళ్లే నాశనం చేసేసుకుంటుంది, అందుకే తిన్న రోజు ఏమీ తెలియదు, మూడు నాలుగు రోజులకు బయటపడుతుంది. ఉడికించినా వేయించినా ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. కిలో బరువుకి 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయ చాలు రక్తం దెబ్బతినడానికి. అంటే అయిదు కిలోల పొమేరియన్‌కి 75 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ. బిర్యానీలో వేయించిన ఉల్లిపాయల్లో నీరంతా ఆవిరైపోతుంది కాబట్టి గుప్పెడంటే అది ఒక్క ఉల్లిపాయ కాదు, చాలా ఉంటాయి. వెల్లుల్లి గ్రాముకి గ్రాము ఇంకా ఘాటు. కాస్త కాస్త రోజూ పెట్టినా ప్రమాదమే.

చింతపండు సంగతి నాకు ఆ తర్వాతే తెలిసింది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలు పాడుచేస్తాయని ఎప్పటినుంచో తెలుసు గానీ, దానికి కారణం వాటిలోని టార్టారిక్ ఆమ్లం అయ్యుండొచ్చని 2021లో అమెరికాలోని పశువైద్యులు చెప్పారు. ఆ ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. మరి మనింట్లో పప్పుచారు, సాంబారు, పులుసు లేని రోజేది? చారు కలిపిన అన్నం కుక్కకి పెట్టడం మన ఇళ్లలో మామూలు. దయచేసి ఆపేయండి.

"ఊళ్లో కుక్కలన్నీ మనం తిన్నదే తిన్నాయి కదే" అని మా అమ్మమ్మ అంటుంది. నిజమే అమ్మమ్మా, కానీ అవి నాలుగు రోజులు నీరసంగా పడుకుని చచ్చిపోతే ముసలిదైపోయిందనుకున్నామే తప్ప, ఎందుకు పోయిందని ఎవరం చూశాం?

అందుకే ఇప్పుడు మా ఇంట్లో ఒకటే పద్ధతి. కూరగాయ కడిగి, ఉప్పు లేకుండా ఉడికించి, తాలింపు గిన్నె పొయ్యి మీద పెట్టకముందే మల్లి వాటా దాని స్టీలు గిన్నెలోకి తీసేస్తాం. బీన్స్, క్యారెట్, గుమ్మడికాయ, చిలగడదుంప, సొరకాయ. సొరకాయ అయితే చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని చూసి, చేదుంటే మొత్తం పారేస్తాం, ఆ చేదు మనకీ విషమే, దానికీ విషమే. క్యారెట్ మొదట్లో పచ్చిదే ఇచ్చేదాన్ని, తెల్లారి చూస్తే నారింజ ముక్కలు మింగినవి మింగినట్టే బయటికొచ్చేవి. ఉడికించి మెదిపితేనే ఒంటికి పడుతుంది. చిన్న కుక్కలకి గుండ్రంగా కోయకండి, గొంతులో అడ్డుపడుతుంది, నిలువుగా సన్నగా కోయండి. మలబద్ధకంగా ఉంటే ఒకటి రెండు చెంచాల ఉడికించిన గుమ్మడికాయ బాగా పనిచేస్తుంది. ఏదైనా కొత్తగా పెట్టినప్పుడు ఒక్క చెంచాతో మొదలుపెట్టి రెండు రోజులు చూడండి. పైతిండి మొత్తం కలిపినా రోజు తిండిలో పదో వంతు కేలరీలు దాటకూడదన్నది డాక్టర్లు చెప్పే లెక్క. పచ్చి బంగాళాదుంప, ఆకుపచ్చ టమాటా వద్దు. వానాకాలం వస్తే మన రోడ్ల మీద ఎక్కడ చూసినా కాల్చిన మొక్కజొన్నే, గింజలు తిని కంకి కుక్కకి విసిరేస్తారు. ఆ బెండు అరగదు, పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే.

పొరపాటున ఉల్లిపాయ తినేస్తే లక్షణాలు కనపడేదాకా ఆగకండి, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మొదటి గంట రెండు గంటల్లో అయితే వాళ్లు వాంతి చేయించగలరు. ఇంట్లో ఉప్పునీళ్లు మాత్రం తాగించొద్దు.

మల్లికి జబ్బు చేశాక మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో కూడా మాట్లాడాను. పార్టీల్లో మిగిలినదంతా ప్రేమగా కింద కుక్కలకి పెట్టేది ఆయనే. అంతా విని, "గదీ పెట్టొద్దు, గిదీ పెట్టొద్దంటే మరేం పెట్టాలె మేడం?" అన్నాడు. ఆ ప్రశ్న సబబే. అప్పటినుంచి ఆదివారం రైతు బజార్‌కి వెళ్లినప్పుడు రెండు కిలోల గుమ్మడికాయ ఎక్కువ తెస్తున్నాను. అన్నంలో కలిపి ఉడికించి, కోడిగుడ్డు చిదిపి ఆయనే పెడుతున్నాడు.