పచ్చి మైదా, పచ్చి చలిమిడి

అమెరికాలో పెరిగే మన పిల్లలకు, కాల్చని కుకీ డోను, అంటే బిస్కెట్ల కోసం మైదా, గుడ్డు వగైరా కలిపిన పచ్చి ముద్దను, గిన్నెలోంచి నేరుగా తినడం స్నేహితుల ఇళ్లలోనే అలవాటవుతుంది. పచ్చి గుడ్డు మంచిది కాదని అందరికీ తెలుసు గనుక అది మానేస్తారు గాని, మైదా కూడా పచ్చిదేనన్న సంగతి చాలామందికి తట్టదు. పొలంలో గోధుమలకు అంటిన ఈ.కోలై, సాల్మొనెల్లా క్రిములు గింజను పిండి ఆడించినంత మాత్రాన చావవు. 2016లో ఇక్కడ పిండి ద్వారా వ్యాపించిన ఈ.కోలై వల్ల 24 రాష్ట్రాల్లో 63 మంది జబ్బుపడ్డారు. ఐదేళ్లలోపు పిల్లల్లో ఈ జబ్బు మూత్రపిండాలను దెబ్బతీసేదాకా వెళ్లవచ్చు.

"నువ్వు సున్నుండలకు మినప్పప్పు వేయిస్తావు కదమ్మా, మైదాను కూడా అలాగే వేయిస్తే సరిపోదా?" అని మా అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మినప్పప్పును సన్నని సెగ మీద ఎర్రబడి కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, ఆ తర్వాతే విసురుతాం. కుకీ డో చేసేవాళ్లు మాత్రం మైదా రంగు మారకూడదని, థర్మామీటరు 74 డిగ్రీల సెల్సియస్ చూపగానే దింపేస్తారు. ఆ లెక్క తడి ఉండే మాంసానికి చెప్పినది. తేమ లేని పొడిపిండిలో సాల్మొనెల్లా వేడిని చాలా ఎక్కువగా తట్టుకుంటుంది. అందుకే ఇంట్లో పిండిని వేడిచేసి పచ్చిగా వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతోంది. కుకీ డోనే కావాలని పిల్లలు పట్టుబడితే, పచ్చిగా తినడానికే తయారైనదని పొట్లం మీద రాసి ఉన్నది కొనడం మేలు.

ఇదే జాగ్రత్త నాగుల చవితి పచ్చి చలిమిడికీ వర్తిస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే నానిన బియ్యపు తడిపిండిలో బెల్లం కలిపి దంచే ఆ ప్రసాదం పొయ్యి ముఖమే చూడదు. మా ఇంట్లో పిల్లల కోసం పాకం చలిమిడే చేస్తాను. బెల్లం పాకం ఉండకట్టే దశకు రాగానే తడిపిండిని కొద్దికొద్దిగా పోస్తూ, చాలామంది చేసినట్టు వెంటనే దింపకుండా, ముద్దంతా ఆవిరి చిమ్మేదాకా సన్నని సెగ మీదే కలుపుతాను. తడి ఉన్నచోట వేడి క్రిముల మీద బాగా పనిచేస్తుంది. చివర నెయ్యి, యాలకుల పొడి, వేయించిన కొబ్బరి ముక్కలు వేస్తే అమ్మాయి స్నేహితులు కూడా అడిగి పెట్టించుకుంటారు. పొయ్యి వెలిగించే తీరిక లేని రోజున పుట్నాల పప్పు పొడిలో బెల్లం, కాచిన నెయ్యి కలిపి ఉండలు చుట్టిస్తాను. పుట్నాలు ముందే వేయించినవి కాబట్టి అందులో పచ్చి పిండి అన్నదే ఉండదు.