వెండి సిరా, వనామీ చెరువు

రొయ్యల చెరువు చేసే మా బాబాయి చేతిలోని డీఓ మీటరుకూ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ని, అంటే డీఓని కొలిచేది), అమెరికాలోని అల్బుకర్కీలో నా బెంచీ మీదుండే సెన్సరుకూ మూలం ఒక్కటే. లేలాండ్ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రక్తంలో కరిగిన ఆక్సిజన్‌ని కొలిచే ఎలక్ట్రోడ్‌ను 1956లో ప్రకటించాడు. ప్లాటినం, వెండి, వాటి మీద పల్చటి పొర, అంతే. 1962లో దానికే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును జోడించాడు. గ్లూకోజ్‌ని మార్చేటప్పుడు ఆ ఎంజైము ఆక్సిజన్‌ని వాడుకుంటుంది. ఎంత తగ్గిందో చూస్తే గ్లూకోజ్ ఎంతుందో తెలిసిపోతుంది. షుగర్ సెన్సర్లు అక్కణ్ణుంచే వచ్చాయి. భీమవరం వైపు చెరువు గట్ల మీద తిరిగే ఆక్సిజన్ మీటర్లలో చాలావాటి సూత్రం కూడా ఆ మొదటి ఎలక్ట్రోడ్‌దే.

ఇలాంటి సెన్సర్ల కోసం నేను చేసేది ఏరోసోల్ జెట్ ప్రింటింగ్, అంటే లోహపు సిరాతో సన్నటి గీతలు అచ్చువేయడం. ఇందులో సిరా ముందు తుంపర అవుతుంది. చిన్న గాజు సీసాలో నానో వెండి సిరా పోసి అల్ట్రాసౌండ్‌తో కుదిపితే, 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బిందువులు పైకి లేస్తాయి. వాటిని నైట్రోజన్ మోసుకొస్తుంది. నాజిల్ దగ్గర ఇంకో నైట్రోజన్ ధార చుట్టూ కమ్మి నొక్కుతుంది. లాకుల దగ్గర ఇరుకైన కాలవ నీరు జోరందుకున్నట్టు ఆ తుంపర సన్నబడి కిందికి దూకుతుంది. అందుకే నాజిల్ రంధ్రం కంటే గీత చాలా సన్నగా, 10 మైక్రాన్ల దాకా వస్తుంది.

చెప్పడం తేలికే. పొద్దున్న చక్కగా పడిన గీత మధ్యాహ్నానికి తేడా కొడుతుంది. సీసాలో ద్రావకం ఆవిరై సిరా చిక్కబడుతుంది. గీత అంచుల్లో మైక్రోస్కోప్‌కి తప్ప కనపడని చుక్కలు చల్లినట్టు పడతాయి. ఎదురెదురు ఎలక్ట్రోడ్లను అవి కలిపేశాయంటే షార్టే, ఆ సెన్సరు బిళ్ల ఇక చెత్తబుట్టకి.

అసలు కష్టం ఎంజైములతో. వెండి కరగాలంటే 961 డిగ్రీలు కావాలి. నానో రేణువులైతే 200 లోపే ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎంజైముకి ఆ వేడి కూడా ఎక్కువే, దాని పని అక్కడితో సరి. కాబట్టి ముందు లోహం వేసి కాల్చేస్తాం, పూర్తిగా చల్లారాకే ఎంజైము. ఈ ఊరేమో ఎడారి, సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తు. చేతులు పగిలిపోయేంత పొడిగాలి. బిందువు దారిలోనే ఆరిపోతే ఎంజైము ఆకారం చెడిపోతుంది. నైట్రోజన్‌ని నీళ్లలో బుడగలు బుడగలుగా పంపి, తడిపి వాడతాం. సిరాలో కాస్త గ్లిజరిన్ కలుపుతాం. మా వైపు ఉక్కపోతను జీవితంలో మొదటిసారి మెచ్చుకున్నది ఈ మెషిన్ ముందే.

బాబాయి ఫోన్ చేసేది తెల్లవారుజామున మూడింటికి. వేసవిలో అయితే ఇక్కడ ముందురోజు మధ్యాహ్నం మూడున్నర. రాత్రంతా నాచూ రొయ్యలూ కలిసి ఆక్సిజన్‌ పీల్చేస్తాయి, ఎండ లేక తిరిగి పుట్టేది ఉండదు. అందుకే తెల్లారే ముందే డీఓ బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగిందంటే టెన్షన్. ఆ టైముకి కరెంటు పోతే మరీను. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల హోరులో ఆయన గొంతు సగమే వినబడుతుంది. ఒక్క మీటరు ఒక్క చోటే చూపిస్తుంది, అడుగున ఎలా ఉందో పైనున్న నీళ్లు చెప్పవు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ జబ్బు టైగర్ రొయ్యల్ని ఊడ్చేసిన రోజులు ఆయనకింకా మరపు రాలేదు. 2009లో వనామీ అనే వేరే రకం రొయ్యకి అనుమతి వచ్చాకే మళ్లీ నిలదొక్కుకున్నారు. ఆ వైరస్ పైపొరలోని వీపీ28 ప్రోటీన్‌ని పట్టే యాంటీబాడీని ఇలాగే ప్రింట్ చేసి గట్టు మీదే పరీక్ష చేసుకోగలిగితే, శాంపిల్ పట్టుకుని ల్యాబు చుట్టూ తిరిగే పని ఎంత తగ్గుతుంది! నాకు ఈ ఉద్యోగం మీద ఇష్టమంతా ఈ ఆశ వల్లే.

ఇదంతా చెబితే, గీత ఎంత సన్నమని ఆయన అడగలేదు.

"అమ్మలూ, మీ బిళ్ల చెరువులో ఎన్నాళ్లుంటుంది?" అన్నారు.

మా ల్యాబ్‌లో ఆ ప్రశ్న అంత సూటిగా ఎవరూ వేయలేదు. మా పరీక్షలన్నీ శుభ్రమైన ఉప్పునీళ్లలోనే. మేనేజర్‌ని బతిమాలి ఒక ట్యాంకులో నాచు పెంచి, ప్రింట్ చేసిన ప్లాటినం ఆక్సిజన్ ఎలక్ట్రోడ్లను అందులో ముంచాను. వారం తిరక్కుండానే జిగురు పొర పట్టేసి సిగ్నల్ పడిపోయింది. ఇప్పుడు అదే మెషిన్‌తో, జిగురు త్వరగా పట్టకుండా పైన నీళ్లు పట్టి ఉంచే మెత్తటి హైడ్రోజెల్ పొర ఒకటి వేసి చూస్తున్నాం. బాబాయి తన చెరువు పీహెచ్, ఉప్పు, నీళ్ల రంగు ఫొటో వాట్సాప్‌లో పంపుతున్నారు. దాన్నిబట్టే ఇక్కడి ట్యాంకు కలుపుకుంటున్నాను. "వానలు పడితే నీళ్లన్నీ మారిపోతాయమ్మా, అప్పుడు మళ్లీ చూడు" అన్నారు నిన్న.