సిన్సినాటిలో ఏడు శాక్‌ల ఆదివారం

కొలంబస్ నుంచి సిన్సినాటి ఐ-71 మీద రెండు గంటల లోపే, కానీ ఇన్నాళ్ళూ నేను అటు వెళ్ళడం అంటే మేసన్‌లో అక్కావాళ్ళింటికి, తిన్నామా పడుకున్నామా వచ్చేశామా అంతే. 2022 సెప్టెంబర్ 11కి మాత్రం బావ ముందే టికెట్లు కొనేశాడు, సీజన్‌లో మొదటి మ్యాచ్, సిన్సినాటి టీమ్ బెంగాల్స్ వర్సెస్ పిట్స్‌బర్గ్ స్టీలర్స్. "బామ్మర్దీ, ఈసారి కొత్త లైన్ రా, బరో మీద చెయ్యి కూడా పడనివ్వరు చూడు" అని వారం ముందు నుంచే ఫోన్లు.

ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికన్ ఫుట్‌బాలే, తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపు అవతలివాళ్ళు వచ్చి మీద పడకుండా ముందు ఐదుగురు అడ్డం నిలబడతారు, మధ్యలో సెంటర్, అటు ఇటు గార్డులు, చివర్లలో టాకిల్స్, ఈ ఐదుగురినే లైన్ అంటారు. కబడ్డీలో చేతులు పట్టుకుని గొలుసు కట్టినట్టే, ఒక్క చెయ్యి జారిందా మిగతా నలుగురు ఎంత బలవంతులైనా దండగ. అడ్డం దాటొచ్చి బంతి చేతిలో ఉండగానే క్వార్టర్‌బ్యాక్‌ని పడేస్తే అది శాక్.

బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ జో బరో ఒహాయో కుర్రాడే, ఏథెన్స్ దగ్గర పెరిగాడు, టీమ్‌లు వరసగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2020లో నంబర్ వన్. మొదటి ఏడాదే నవంబర్‌లో ఎడమ మోకాలు పోయింది. ఊరంతా లైన్ కొనండి మహాప్రభో అంటే 2021లో టీమ్ ఐదో పిక్‌తో జమార్ చేజ్‌ని తీసుకుంది, బరోకి ఎల్‌ఎస్‌యూ కాలేజీలో పాత జోడీ, విసిరిన బంతి పట్టుకునే రిసీవర్. టాకిల్ పెనై సూయెల్ ఏడో పిక్‌కి డెట్రాయిట్ వెళ్ళిపోయాడు. ఆ సీజన్‌లో బరో 51 సార్లు శాక్ అయ్యాడు, ప్లేఆఫ్స్‌తో కలిపితే 70, అయినా సరే ఫైనల్ మ్యాచ్ సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళాడు, అక్కడ రామ్స్ చేతిలో 23-20తో ఓడారు. అందుకే 2022లో లైన్‌లోకి ముగ్గుర్ని బయట నుంచి తెచ్చారు, అలెక్స్ కాపా, టెడ్ కారస్, లాయెల్ కాలిన్స్. బావ ధీమా అంతా ఆ ముగ్గురి మీదే.

కారు కెంటకీ వైపు కోవింగ్టన్‌లో పెట్టి రోబ్లింగ్ బ్రిడ్జి మీద నడిచి నది దాటాం. ఆ తర్వాత బ్రూక్లిన్ బ్రిడ్జి డిజైన్ చేసిన జాన్ రోబ్లింగ్ 1860ల్లో కట్టింది ఇది, నీలం రంగు ఇనుము, కింద ఒహాయో నది, పక్కన నారింజ జెర్సీలు, మధ్యమధ్యలో పసుపు టవల్స్ ఊపుకుంటూ స్టీలర్స్ వాళ్ళు. ఎదురుగా స్టేడియం. నెల కిందటే దానికి పేకోర్ స్టేడియం అని పేరు మార్చారు, బావ మాత్రం పాల్ బ్రౌన్ అనే అంటాడు, ఇంకో పదేళ్ళు అలాగే అంటాడు.

నిజం చెప్పాలంటే నాకు మ్యాచ్ కన్నా టెయిల్‌గేటే ఎక్కువ నచ్చింది. కార్ల డిక్కీలు తెరిచి గ్రిల్లులు వెలిగించి, చెక్కపలక మీద కన్నంలోకి సంచులు విసిరే కార్న్‌హోల్ ఆడుకుంటూ జనం. అక్క కట్టిచ్చిన పులిహోర ట్రే తెరిస్తే పక్క కారు పెద్దాయన రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆయన వేసుకున్నది 78 నంబర్, ఆంథనీ మునోజ్ జెర్సీ. మునోజ్ 1980ల్లో ఈ టీమ్‌కి లెఫ్ట్ టాకిల్, హాల్ ఆఫ్ ఫేమ్ మనిషి, ఆ జెర్సీ చూస్తేనే ఆయన ఏ పార్టీయో తెలిసిపోతుంది. ఆయన కొడుకు వేసుకున్నది చేజ్ జెర్సీ! ఇంక మొదలు.

పెద్దాయన అనేది ఏంటంటే సూయెల్‌ని తీసుకుని ఉంటే పదేళ్ళు ఒక వైపు చూసుకునే పనే ఉండేది కాదు. కొడుకు అనేది చేజ్ మొదటి ఏడాదే 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు కొట్టాడు, టెనెసీలో బరోని తొమ్మిది సార్లు పడేసినా మ్యాచ్ గెలిచాం కదా అని. అప్పుడు పెద్దాయన చేతిలో ప్లేట్ కిందపెట్టి సూపర్ బౌల్ చివరి ప్లే ఎత్తాడు. ఫోర్త్ అండ్ వన్, అంటే ఆఖరి ఛాన్స్, ఒక్క గజం కావాలి, అటు చేజ్‌ని కాపలా కాస్తున్న రామ్స్ డిఫెండర్ రామ్సీ జారిపడ్డాడు, చేజ్ ఫ్రీ, కానీ బరో అటు చూసేలోపే రామ్స్ ఆరన్ డోనాల్డ్ వచ్చి పట్టేశాడు. "నీ చేజ్ ఖాళీగా నిలబడి ఏం లాభం?" అన్నాడు. కొడుకు కూడా అదే ప్లే పట్టుకుని, చేజ్ ఉన్నాడు కాబట్టే అక్కడిదాకా వచ్చాం అంటాడు. బావ చేజ్ పార్టీ, కానీ పెద్దాయన ముందు నోరు మెదపలేదు, పులిహోర పెట్టిన మొహమాటం అనుకుంటా.

మా సీట్లు ఎండ్ జోన్ వెనక పై డెక్‌లో, చీప్ సీట్లు అంటారు గానీ లైన్ చూడాలంటే అదే మంచి చోటు, టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది, ఇక్కడ నుంచి ఐదుగురి వీపులూ కనిపిస్తాయి. అవతల ఇద్దరు డిఫెండర్లు మధ్యలో స్థానాలు మార్చుకుంటే ఎవరిని ఎవరు అందుకోవాలో గార్డూ టాకిలూ ఒక్క క్షణం ఒకరివైపు ఒకరు చూసుకుంటున్నారు, ఆ ఒక్క క్షణంలోనే బరో నేల మీద ఉంటున్నాడు. మా వాళ్ళు బంతితో ముందుకెళ్ళిన మొదటి డ్రైవ్‌లోనే స్టీలర్స్ మింకా ఫిట్జ్‌ప్యాట్రిక్ బంతి దొరకబుచ్చుకుని టచ్‌డౌన్ కొట్టేశాడు, హైస్మిత్ ఒక్కడే మూడు శాక్‌లు, మొత్తం ఏడు. కొత్త లైన్‌తో ఏడు! బావ వైపు చూడబుద్ధి కాలేదు.

అయితే తిట్లన్నీ ఆ ముగ్గురికే పడటం మాత్రం నాకు నచ్చలేదు. జులై చివర్లో బరోకి అపెండిక్స్ ఆపరేషన్ అయింది, క్యాంప్ చాలావరకు పోయింది, ఈ ఐదుగురూ వాడూ కలిసి సరిగ్గా ఆడిందే లేదు, ప్రీసీజన్‌లో మెయిన్ వాళ్ళని దించనే లేదు. మనుషుల్ని మార్చిలో డబ్బులిచ్చి కొనొచ్చు, పక్కవాడు ఎటు కదులుతాడో చూడకుండా తెలియడం ఎక్కడ కొంటారు? పైగా బరో కూడా బంతి ఎక్కువసేపు పట్టుకుంటాడు, అవతలివాళ్ళ చేతికి బంతి విసిరేసిన నాలుగు ఇంటర్‌సెప్షన్లు లైన్ వేసినవి కాదుగా.

ఇంత జరిగినా గెలిచేవాళ్ళమే. రెండు సెకన్లు ఉండగా చేజ్ టచ్‌డౌన్, 20-20, టచ్‌డౌన్ తర్వాత కొట్టే చిన్న కిక్, ఎక్స్‌ట్రా పాయింట్ కొడితే అయిపోయె, స్టేడియం అంతా మా టీమ్ నినాదం హూ డే హూ డే, ముక్కూమొహం తెలియనివాళ్ళు నన్ను వాటేసుకున్నారు. ఫిట్జ్‌ప్యాట్రిక్కే వచ్చి బ్లాక్ చేశాడు. అప్పటికే కిక్ కోసం బంతి వెనక్కి విసిరే మా లాంగ్ స్నాపర్ క్లార్క్ హారిస్ చేతికి దెబ్బ తగిలి బయట కూర్చున్నాడు, వాడి బదులు, వేరే చోట ఆడే టైట్ ఎండ్ మిచెల్ విల్కాక్స్ స్నాప్ చేస్తున్నాడు. ఓవర్‌టైమ్‌లో 29 గజాల కిక్‌కి స్నాప్ పైకి వెళ్ళింది, కిక్ బయటికి పోయింది. చివరికి స్టీలర్స్ కిక్కర్ బాస్వెల్ 53 గజాల నుంచి కొట్టి 23-20 చేసేశాడు. మళ్ళీ సూపర్ బౌల్ స్కోరే.

బ్రిడ్జి మీద తిరుగు నడకలో ఆ తండ్రీకొడుకులు మళ్ళీ కనిపించారు, లైన్ గొడవ వదిలేసి ఇద్దరూ స్నాపర్ గురించి కొట్టుకుంటున్నారు. మేం స్కైలైన్ అనే చిల్లీ హోటల్లో ఆగి త్రీ వే తిన్నాం, స్పగెట్టీ మీద దాల్చినచెక్క వాసనొచ్చే చిల్లీ, పైన గుట్టలా చీజ్, మొదటిసారి అదోలా ఉంటుంది, ఆకలి మీద బాగానే పోయింది.

ఆ టీమే తర్వాత పుంజుకుని 12-4తో ముగించి సూపర్ బౌల్‌కి ముందు మెట్టు, కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా పోయింది, అప్పటికి లైన్‌లో ముగ్గురు గాయాలతో అవుట్, కాన్సస్ సిటీలో ఐదు శాక్‌లు, మళ్ళీ 23-20తోనే ఓటమి. 2023 మార్చిలో టాకిల్ ఓర్లాండో బ్రౌన్ జూనియర్‌ని నాలుగేళ్ళకి 64 మిలియన్ డాలర్లకి తీసుకున్న రాత్రి బావ ఫోన్, "ఇంక ఎవడు ఆపుతాడు రా, టికెట్లు తీస్తున్నా". తియ్యి బావా, కాకపోతే మొదటి మ్యాచ్‌కి వద్దు, నవంబర్‌లో తియ్యి, ఆ ఐదుగుర్నీ కాస్త కలిసి ఆడనీ అన్నాను.