రెండు గాంధారాల మధ్య

ఈ ఏడాది సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున నేను ఒకే రచన సాధన చేస్తున్నాను. అది జర్మన్ సంగీతకర్త బాఖ్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన డి మైనర్ పార్టీటాలో, అంటే నృత్య ఖండికల వరుసలో, చివరిదైన షకాన్. జర్మనీలోని లైప్‌జిగ్ సంగీత విద్యాలయంలో చదువుకున్న రోజుల్లో నేర్చుకుని, దాదాపు ముప్పై ఏళ్లుగా ముట్టుకోకుండా ఉంచిన రచన ఇది.

విజయనగరంలో, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన మన కళాశాలలో, నేల మీద కూర్చుని వయొలిన్ తలను కాలి చీలమండకు ఆనించి వాయించడం నేర్చుకున్నాను. ఆ తరువాత చెన్నైలో కొన్నేళ్లు పాశ్చాత్య పద్ధతి అభ్యసించి లైప్‌జిగ్ చేరాను. నిలబడి వాయించడం కన్నా, స్వరాన్ని ఊపే గమకం కోసం తహతహలాడే వేలిని ఒక్కచోట నిశ్చలంగా నిలపడమే నాకు ఎక్కువ కష్టమైంది. సంగీతకర్త మెండెల్సన్ 1843లో స్థాపించిన విద్యాలయమది. బాఖ్ 1723 నుంచి చనిపోయేవరకు పనిచేసిన ఊరు కూడా అదే కావడంతో, ఆదివారాలు సెయింట్ థామస్ చర్చిలో ఆయన సమాధి పలక దగ్గర కాసేపు నిలబడి వచ్చేవాణ్ణి. షకాన్ మాత్రం ఆయన అంతకుముందు, కోథెన్ అనే మరో జర్మన్ ఊళ్లో ఉన్నప్పటిది. స్వహస్తంతో రాసిన ప్రతి మీద 1720 అని ఉంది.

నాలుగు కొలతల (తాళ ఆవృత్తాల) చిన్న ఆధారం మీద అరవైకి పైగా రూపాలు అల్లుకుంటూ పావుగంట సాగే ఈ రచనను అప్పట్లో నేను ఒక పరీక్షగానే చూశాను. వంపు తిరిగిన బ్రిడ్జి మీద నాలుగు తీగలను కమాను ఒకేసారి పట్టుకోలేదు కనుక, కింది రెంటినీ ముందు పలికించి, ఆ నాదం చెవిలో ఉండగానే పై రెంటికి చేరాలి. ఆ స్వరగుచ్ఛాలు శుభ్రంగా పలికితే చాలనుకునేవాణ్ణి. వాటి కింద నడిచే మంద్ర స్వరాల వరుసను వినలేదు.

లైప్‌జిగ్‌లో మా గురువుగారు నా ప్రతిలో 133వ కొలత దగ్గర పెన్సిలుతో ‘వార్టెన్’ అని రాశారు. జర్మన్‌లో ఆగు, వేచి ఉండు అని అర్థం. రచన మైనర్ నుంచి మేజర్‌కు మారే చోటు అది. మన మాటలో చెప్పాలంటే దాదాపు కీరవాణి ముగిసి శంకరాభరణం మొదలవుతుంది. అక్కడ ఒక క్షణం విరామం ఇవ్వమన్నారని అర్థం చేసుకుని, అలాగే ఇచ్చి, తరువాత ఉత్సాహంగా గొంతు పెంచేవాణ్ణి. ఆయన తల అడ్డంగా ఊపేవారే తప్ప మరేమీ చెప్పేవారు కారు.

ఇప్పుడు తెలుస్తోంది. షడ్జం (స) మీద వాలాక, గాంధారం (గ) పలికేదాకా అది ఏ రాగమో తేలదు. సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి, అంటే ఎఫ్ నుంచి ఎఫ్ షార్ప్‌కు, వేలు రెండు సెంటీమీటర్లు కూడా కదలదు. ఆ కొద్దిపాటి దూరంలోనే అంతవరకూ విన్న దుఃఖమంతా ఉంది. దాన్ని వదిలించుకున్నట్టు కాక, మోసుకుంటూనే ఆ కొత్త గాంధారాన్ని మంద్రంగా, దాదాపు భయపడుతూ ముట్టుకోవాలి. వేచి ఉండమన్నది కమానును కాదు, నన్ను. ఆ తరువాత ఒకే పంచమం పదేపదే మోగే చోటుకు చేరేసరికి వెలుతురు తనంతట తానే వస్తుంది. నేను తేవలసిన పని లేదు. 209వ కొలతలో మళ్లీ మైనర్ తిరిగివచ్చినప్పుడు, ఇంతకాలం నేను చాలా తేలికగా దాటిపోయిన ఆ చోట, ఈ మధ్య నాకు కళ్లు చెమర్చి ఆపవలసి వచ్చింది.

చిటికెన వేలు మునుపటిలా సాగడం లేదు కాబట్టి కొన్ని వేళ్ల గుర్తులు మార్చుకున్నాను. పాత ప్రతిలో అంచులు పసుపెక్కిన ఆ పుటను మాత్రం రబ్బరుతో తాకలేదు. పెన్సిలు మాట కొంత చెరిగిపోయి ‘వా’ ఒక్కటే స్పష్టంగా కనిపిస్తోంది. రేపు పొద్దున కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను.