సాలూరు ఘాటీ, ట్రాన్సిషన్ స్టేట్, 8 జీబీ ల్యాప్‌టాప్

సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ పోయే ఘాటీ రోడ్డులో బస్సు ఎక్కడం ఆపి దిగడం మొదలెట్టే చోటు ఒకటుంటుంది. రోడ్డు వెంట చూస్తే అదే అన్నిటికంటే ఎత్తైన చోటు. పక్కలకి చూస్తే రెండువైపులా కొండలే, మనమే పల్లంలో ఉంటాం. రసాయన చర్యలో పాత బంధం తెగుతూ కొత్తది కడుతున్న నడిమి స్థితి, ట్రాన్సిషన్ స్టేట్, కూడా అంతే: శక్తి ఒక్క దిశలో గరిష్ఠం, మిగతా అన్ని దిశల్లో కనిష్ఠం. అందుకే దాని కంపనాల్లో ఊహా పౌనఃపున్యం (ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ) ఒక్కటే ఉండాలి. ఈ లెక్కలు చేసే ఓర్కా అనే ప్రోగ్రాం దాన్ని రుణసంఖ్యగా, సెం.మీ.⁻¹లలో చూపిస్తుంది.

బరంపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అల్లైల్ వినైల్ ఈథర్ క్లైసెన్ చర్య చక్కటి మొదటి లెక్క. 14 పరమాణువులే. ముందు మెమరీ చూసుకోండి. ఓర్కాకి మెమరీ ఎంతో చెప్పే మాక్స్‌కోర్ అంకె ఒక్కో కోర్‌కి, మెగాబైట్లలో. 8 జీబీ, 4 కోర్లయితే 1500 దాటొద్దు. 8000 అని రాస్తే 32 జీబీ అడిగినట్టు, లెక్క మధ్యలోనే చస్తుంది.

కొత్తగా కట్టే కార్బన్-కార్బన్ దూరాన్ని 3.2 నుంచి 1.6 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా 0.1 చొప్పున తగ్గిస్తూ స్కాన్ చేయండి. శక్తి అన్నిటికంటే ఎక్కువున్న బిందువు నుంచి ఆప్ట్‌టీఎస్ (ట్రాన్సిషన్ స్టేట్‌ని వెతికే ఆదేశం) నడపండి, మొదట్లోనే హెస్సియన్ (శక్తి వంపుల పట్టిక) లెక్కించమనండి. కుర్చీ ఆకారంలో, తెగే కార్బన్-ఆక్సిజన్ 1.9కి, కట్టే బంధం 2.3కి దగ్గర్లో రావాలి. ఆ హెస్సియన్ ఉండే హెస్ ఫైలు దాచుకోండి, కరెంటు పోతే అదే దిక్కు.

రుణసంఖ్య రాగానే సంబరపడొద్దు. అణువుల్ని బొమ్మగా చూపే అవొగాడ్రో ప్రోగ్రాంలో ఆ కంపనాన్ని ఆడించి చూడండి. ఒక బంధం సాగుతూ ఇంకొకటి దగ్గరవ్వాలి. మైనస్ 40తో ఏదో గుంపు ఊగుతోందంటే అది మన కనుమ కాదు. ఆపైన ఐఆర్‌సీ (కనుమ నుంచి పల్లానికి దిగే దారి లెక్క) రెండువైపులా దింపాలి: ఒకవైపు ఈథర్, రెండోవైపు 4-పెంటెనాల్ అనే ఆల్డిహైడ్.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఐఆర్‌సీ దిగేది ముడుచుకున్న ఈథర్‌లోకి, సీసాలో ఎక్కువగా ఉండేదేమో చాచుకున్నది. ముడుచుకున్నదాన్నే సున్నా అనుకుంటే అవరోధం (కనుమ దాటడానికి ఎక్కాల్సిన శక్తి) తక్కువగా వస్తుంది. క్రెస్ట్ అనే ప్రోగ్రాంతో కన్ఫార్మర్లు (ఒకే అణువు తీసుకోగల వేర్వేరు ఆకారాలు) వెతికి, అన్నిటికంటే అడుగునున్నదాని నుంచి కొలవాలి.

అవరోధం నుంచి చర్య రేటు లెక్కించడానికి 1935 నాటి ఐరింగ్ సమీకరణం చాలు. 298 కెల్విన్ దగ్గర అవరోధం మోల్‌కి 20 కిలోకేలరీలయితే రేటు స్థిరాంకం సెకనుకి 0.014, అర్ధాయువు 50 సెకన్లు. అవరోధంలో 1.36 కిలోకేలరీల తేడా వస్తే రేటు పది రెట్లు మారుతుంది. ఈ లెక్కలకి వాడే డీఎఫ్‌టీ పద్ధతిలో అంత పొరపాటు మామూలే, కాబట్టి రేటుని మూడు దశాంశాలకి రాయడం ఉత్త డాబు. రెండు అణువులు కలిసే చర్యయితే 1 అట్మాస్ఫియర్ నుంచి 1 మోలార్‌కి మార్చి, అవరోధంలోంచి 1.89 కిలోకేలరీలు తీసేయండి. హైడ్రోజన్ దూకే చర్యల్లో టన్నెలింగ్ (కనుమ ఎక్కకుండా అడ్డంగా దూసుకుపోవడం) కూడా చూడాలి: ఊహా పౌనఃపున్యం 1500 ఉంటే దానికి వేసే విగ్నర్ సవరణే రేటుని మూడు రెట్లు పెంచుతుంది. క్లైసెన్‌లో కదిలేవి కార్బన్, ఆక్సిజన్‌లాంటి బరువైనవి కాబట్టి ఆ గొడవ పెద్దగా లేదు.