18.4 కిలోపాస్కల్స్

నాకు వచ్చింది హెపటైటిస్-ఎ. ఎండాకాలంలో కలుషితమైన నీళ్లు తాగితే ఎవరికైనా వచ్చే పచ్చకామెర్లే. వాంతులు, అన్నం వాసన పడకపోవడం, కళ్లు పచ్చబడటం... ఇవన్నీ అందరూ విన్నవే కాబట్టి వదిలేస్తున్నాను. ఆ జబ్బు తగ్గేలోపు నాకు ఇంకో జబ్బు అంటగట్టారు. రాయాల్సింది దాని గురించి.

గుంటూరులో మొదట చూపించుకున్న చోట రక్తపరీక్షలతో పాటు, లివర్ ఎంత గట్టిగా ఉందో కొలిచే ఫైబ్రోస్కాన్ కూడా రాశారు. ఎందుకని అడిగే ఓపిక అప్పుడు నాకు లేదు. కుడిచెయ్యి తల కింద పెట్టుకుని వెల్లకిలా పడుకోమన్నారు. పక్కటెముకల మధ్య చల్లటి జెల్ రాసి ప్రోబ్ ఆనించారు. బటన్ నొక్కినప్పుడల్లా లోపల టక్కుమని చిన్న అదురు. ఆ అదురు లివర్‌లో ఎంత వేగంగా పోతే లివర్ అంత గట్టిగా ఉన్నట్టు లెక్క. కనీసం పది కొలతలు సరిగ్గా రావాలట. వాటిలో మధ్య విలువనే రిపోర్టులో కిలోపాస్కల్స్‌లో వేస్తారు. మామూలు మనిషికి 7 లోపు ఉంటుంది. నాకు 18.4 వచ్చింది.

టెక్నీషియన్ కుర్రాడు స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే అన్నాడు: "ఇది సిర్రోసిస్ రేంజ్ సార్. ఇకనైనా మందు మానేయండి." సిర్రోసిస్ అంటే లివర్ మచ్చకట్టి గట్టిపడిపోవడం.

నేను జీవితంలో ఒక్క చుక్క ముట్టలేదు. ఆ మాట చెప్పాను కూడా. "అందరూ అలాగే అంటారు సార్" అని టిష్యూ పేపర్ చేతికిచ్చాడు. పక్కనే మా ఆవిడ, ఆమె వెనక మా బావమరిది. అక్కడి డాక్టరు ఆ సాయంత్రానికే వెళ్లిపోయారు, పొద్దున్నే రమ్మన్నారు.

ఆ రాత్రిని మాత్రం మర్చిపోలేను. ఒళ్లంతా దురద, కడుపులో తిప్పుడు. ఫోన్‌లో సిర్రోసిస్ అని కొడితే పొట్టలో నీరు, రక్తపు వాంతులు, మార్పిడి ఆపరేషన్ ఖర్చులు. పిల్లల ఫీజులు, ఇంటి లోను అన్నీ ఒకేసారి కళ్లముందు తిరిగాయి. బావమరిది హాల్లోంచి వచ్చి మంచం చివర కూర్చుని, "బావా, ఇప్పుడు దాచి ఏం లాభం? అక్కకి నేను సర్దిచెప్తాలే" అన్నాడు. కొట్టాలనిపించింది, చెయ్యి లేచే బలం లేదు. వాడు పోయాక లైటు ఆర్పి చాలాసేపటికి మా ఆవిడ మెల్లగా అడిగింది: "ఏవండీ, టూర్లకి వెళ్లినప్పుడు కూడా ఎప్పుడూ లేదు కదా?" ఆ ప్రశ్నకి నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

తెల్లారి అదే ఆస్పత్రికి వెళ్లకుండా విజయవాడలో ఇంకో లివర్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది మా ఆవిడే. డాక్టరమ్మ ఫైబ్రోస్కాన్ కాగితం పక్కన పెట్టి ముందు రక్తం రిపోర్టు చూశారు. "ఏఎల్‌టీ వెయ్యి దాటి ఉండగా ఈ పరీక్ష ఎవరు చేయమన్నారు?" అన్నారు. ఏఎల్‌టీ అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము. ఆ ప్రశ్న వినగానే సగం ప్రాణం తిరిగొచ్చింది.

లివర్ చుట్టూ ఒక పొర ఉంటుందట. లోపల వాపు వస్తే ఆ పొర బిగుసుకుంటుంది. సైకిల్ ట్యూబులో గాలి ఎక్కువ కొడితే చేతికి గట్టిగా తగులుతుంది, అంతమాత్రాన రబ్బరు మారిపోదు కదా, ఇదీ అంతే అన్నారు. సిర్రోసిస్‌లో గట్టిదనం వేరు, అది ఏళ్ల తరబడి మచ్చకట్టి పీచు పేరుకుపోవడం వల్ల వస్తుంది. మిషన్‌కి ఆ తేడా తెలియదు, గట్టిదనం ఒక్కటే తెలుసు. ఎంజైములు బాగా పెరిగి ఉన్నా, పైత్యనాళం మూసుకున్నా, గుండె జబ్బుతో లివర్‌లో రక్తం నిలిచినా, చివరికి భోజనం చేసిన వెంటనే చేసినా అంకె పెరుగుతుంది. అందుకే మూడు గంటలు ఖాళీ కడుపుతో ఉండమంటారు. నాకు ప్లేట్‌లెట్లు, లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీను బాగున్నాయి, అల్ట్రాసౌండ్‌లో లివర్ అంచు నున్నగా ఉంది, ప్లీహం పెరగలేదు, అంటే సిర్రోసిస్ జాడలేవీ లేవు. డాక్టరమ్మ భయమల్లా రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ మీదే. అది పెరిగినా, నేను మగతగా మాట్లాడినా అర్ధరాత్రైనా అడ్మిట్ చేయమని మా ఆవిడకి రెండుసార్లు చెప్పారు. పసరు మందు వద్దన్నారు, ఉప్పులేని పథ్యమూ అక్కర్లేదన్నారు. మా అత్తగారు అప్పటికే ఒక ఊరికి మనిషిని పంపించేశారు. సీసా వచ్చింది, పారబోశాం. ఆవిడ ఇంకా అలిగే ఉన్నారు.

శ్రావణమాసంలో ఎంజైములన్నీ మామూలయ్యాక మళ్లీ స్కాన్ చేయించారు. ఈసారి 5.6. మా ఆవిడ మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకుందట, నాకు చెప్పనేలేదు. మెట్లెక్కి బిందెడు పానకం పోయించి వచ్చాం. స్వామి సగం తాగి సగం మనకే వదిలాడు. నా జబ్బు తగ్గించింది వైరస్ సహజంగా పోవడమేనని నాకు తెలుసు, అయినా ఆ పానకం కళ్లకద్దుకునే తాగాను.

ఇంట్లో ఇప్పుడు నీళ్లు కాచే తాగుతున్నాం, పిల్లలకి హెపటైటిస్-ఎ టీకా వేయించాను. కామెర్లున్నప్పుడు ఎవరైనా ఫైబ్రోస్కాన్ రాస్తే, ఇప్పుడే ఎందుకని ఒక్కమాట అడగండి. ఆ కుర్రాడి మీద కోపం చాలావరకు పోయింది, వాడికి మిషన్ నొక్కడమే నేర్పారు, నోరు మూసుకోవడం నేర్పలేదు. బావమరిదికి మాత్రం రెండో రిపోర్టు ఫొటో తీసి పంపించాను. బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నాడు. సంక్రాంతికి వస్తాడుగా, అందరి ముందే అడుగుతాను.